అరవై అయిదో పేజీలో కోడి

హలో, వినబడుతోందా అండీ? వినబడుతోందనే అనుకుంటున్నాను. అందరికీ నమస్కారం. భోంచేశారా? చెయ్యకపోతే చేసి రండి, కథ ఎక్కడికీ పోదు. వంటింట్లో ఉన్నవాళ్ళు పొయ్యి మీద ఒక కన్నేసి వినండి.

మా గ్రంథాలయంలో చదివే అలవాటు అద్భుతంగా పెరిగిందన్న శుభవార్త ముందుగా మీకు తెలియజేస్తున్నాను. ఎంత పెరిగిందంటే, ఇప్పుడు అందుకు పుస్తకాల అవసరం కూడా లేకుండా పోయింది.

గ్రంథాలయానికి ఎదురుగా నాది జిరాక్సు, లామినేషన్ కొట్టు. అందుచేత సాహిత్యంతో నాకు దగ్గర సంబంధమే ఉంది. గ్రంథాలయాభివృద్ధి సంఘం అధ్యక్షులవారు సిమెంటు వ్యాపారులు. యువతరం చదవడం లేదని ఆయనకి ఒకరోజు బెంగ పట్టుకుంది. వెంటనే 'యువ పాఠకుల అభిప్రాయ వేదిక' స్థాపించారు. పిల్లలు పుస్తకం చదవాలి, అభిప్రాయం రాయాలి, గుమ్మంలో ఉన్న బోర్డుకి అంటించాలి, ఫోన్లో గ్రూపులో కూడా పెట్టాలి. అందరూ చూసి మెచ్చుకోవాలి. ఆలోచన ఎంత మంచిదో చూడండి. ఒక్క చదవడం దగ్గరే కొంచెం ఇబ్బంది వచ్చింది.

ఎందుకంటే మా లైబ్రేరియన్ గారు పుస్తకాలని ప్రాణంలా చూసుకుంటారు. అద్దాల బీరువాల్లో పెట్టి తాళం వేస్తారు. పుస్తకం కావాలని ఎవరైనా వస్తే ముందు చేతులు చూపించమంటారు, తర్వాత "ఎందుకూ?" అంటారు. చదవడానికి అని చెబితే ఆయనకి నమ్మకం కుదరదు. అందుకని పిల్లలు ఆయన్ని శ్రమ పెట్టకుండా, అద్దంలోంచి అట్ట చూసి అభిప్రాయం రాయడం నేర్చుకున్నారు. మరీ చిన్నపిల్లలకి అమ్మానాన్నలు రాసిపెట్టారు. ఒకాయన తన కొడుకు అభిప్రాయం నా కొట్లో పాతిక కాపీలు తీయించుకుని, పుస్తకం పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలి, నెలంతా వాడుకున్నాడు. ఆ కుర్రాడికే ఉత్తమ పాఠకుడి మెడల్ వచ్చింది. వాడు తెలివైనవాడు, పైకొస్తాడు.

మూల బీరువాలో ఒక పుస్తకాన్ని చెదలు తినేశాయి. దాని మీద కూడా బోలెడు అభిప్రాయాలు వచ్చాయి. అన్నీ 'ఎంతో స్ఫూర్తిదాయకం' అన్నవే. నిజం చెప్పాలంటే ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా పట్టుదలగా పూర్తి చేసింది చెదలే. కానీ వాటికి మెడల్ ఇచ్చే నిబంధన లేదు.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా మా మేనకోడలు వచ్చి పాడుచేసింది.

మా చెల్లెలు బట్టలు కుడుతుంది. దాని కూతురు తొమ్మిదో తరగతి. ఒకచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరం మిడత అంటాం. కుట్టు మిషన్ పక్కన, గుడ్డ ముక్కల మధ్య ముడుచుకుని కూర్చుని చదువుతూ ఉంటుంది. దానికొక దురలవాటు ఉంది. పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెడుతుంది.

ఆ రోజుల్లో అది రెండు భాగాల నవల ఒకటి చదువుతోంది. మొదటి భాగం చివర కథానాయకుణ్ణి ఎవరో పాడుబావిలోకి తోసేశారు. కథ అక్కడ ఆగింది. రెండో భాగం బీరువాలో ఉంది. బీరువా తాళం లైబ్రేరియన్ గారి దగ్గర ఉంది. ఆయన సెలవులో ఉన్నారు. మిడతకి అన్నం సహించలేదు. ఇంట్లో ఇంకే పుస్తకమూ లేక, మిషన్ కాలు ఎగుడుదిగుడుగా ఉందని వాళ్ళమ్మ కింద పెట్టిన పుస్తకాన్ని లాగి చదివేసింది.

అది మా అధ్యక్షులవారి ఆత్మకథ. 'ఉన్నత శిఖరాల వైపు నా అడుగులు'. స్కూలు వార్షికోత్సవంలో పిల్లలందరికీ ఉచితంగా పంచారు. ఆవిష్కరణ సభలో వక్తలంతా "ప్రతి పేజీ ఒక దీపం" అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ పుస్తకం మా వీధిలో అందరిళ్ళలోనూ ఉంది. కొందరింట్లో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. అంత ఉపయోగపడిన ఆత్మకథని నేను చూడలేదు.

మర్నాడు మిడత బోర్డు మీద అభిప్రాయం అంటించింది.

'ఈ పుస్తకం నాకు నిద్ర తెప్పించింది. కానీ అరవై అయిదో పేజీ నుంచి ఎనభయ్యో పేజీ దాకా కోళ్ళ గురించి రాసింది చాలా బాగుంది. కోడికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో తెలిసింది. అధ్యక్షులవారు ఇలాంటివే ఇంకా రాయాలి.'

గ్రూపులో దానికి వెంటనే నలభై దండాలు, ముప్పై పువ్వులు వచ్చాయి. అవి అలవాటుగా వచ్చినవి. సాయంత్రానికి ఎవరో పొరపాటున చదివారు. రాత్రికల్లా, ఆదివారం అత్యవసర సమావేశం అని ప్రకటించారు.

మా చెల్లెలు నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, దాని గ్రంథాలయం కార్డు రద్దు చేస్తారట. నువ్వు వెంట వెళ్ళు. నాకు యూనిఫాంల ఆర్డరుంది, మిషన్ చూస్తే గెంతుతోంది."

"కింద పుస్తకం పెట్టవే."

"అది సాక్ష్యమట, ఇవ్వనంటోంది నీ కోడలు!"

వెనకనించి మిడత గొంతు వినబడింది. "కార్డు పోతే ఆ మనిషి బావిలోనే ఉండిపోతాడు మామయ్యా!"

"క్షమాపణ చెప్పేస్తే పోలా?" అంది చెల్లెలు.

"తప్పేంటో చెప్తే చెప్తాగా!"

ఆదివారం సమావేశానికి ఇద్దరం వెళ్ళాం. లైబ్రేరియన్ గారూ సెలవు ముగించుకుని వచ్చారు. అధ్యక్షులవారు లేచి, గొంతు సవరించుకున్నారు.

"ఇది నా మీద దాడి కాదు. అక్షరం మీద దాడి! నా జీవితాన్ని, నా రక్తాన్ని, నా చెమటని ఈ బాలిక కోడితో పోల్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె భవిష్యత్తు దృష్ట్యా సభ్యత్వం రద్దు చేయవలసిందిగా ఈ సభని కోరుతున్నాను."

సభ చప్పట్లు కొట్టింది. మా మిడత చెయ్యెత్తింది.

"నేను పోల్చలేదండీ. మీరే రాశారు."

"కోళ్ళ గురించి నేనెప్పుడు రాశానమ్మా? నాకు కోడంటేనే పడదు!"

అది సంచిలోంచి పుస్తకం తీసి చదివింది. అరవై నాలుగో పేజీ చివర ఇలా ఉంది: 'యువతీ యువకులారా! జీవితంలో ఓటమి ఎదురైనప్పుడు మీరు చేయవలసిన మొట్టమొదటి పని'. ఎదుటి పేజీకి వచ్చింది. 'జబ్బు కోళ్ళను వేరే గూటిలోకి మార్చి, రెట్ట ఏ రంగులో ఉందో చూడడం.'



"కుట్ర! ఎవరో పేజీలు అతికించారు," అన్నారు అధ్యక్షులవారు. "మన కాపీ తియ్యండి!"

లైబ్రేరియన్ గారు బీరువా తెరిచారు. ఆత్మకథకి ఒక అర ప్రత్యేకంగా కేటాయించారు. ఒక్కో కాపీకి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. మొదటిది చింపారు, కోడి. రెండోది చింపారు, కోడి. ఆఖరికి అధ్యక్షులవారి సంతకంతో ఉన్న తోలు అట్ట ప్రతి తెరిచారు. అందులో ఎనభయ్యో పేజీ చివర 'మేత సరిగ్గా వేస్తే అయిదో నెలలో మొదటి గుడ్డు పెట్టడం' అని, ఎనభై ఒకటో పేజీ మొదట్లో 'నా జీవితంలో మరచిపోలేని ఘట్టం. ఆనాడు నాన్నగారు కంటతడి పెట్టుకున్నారు' అని ఉంది.

అచ్చువేసిన ప్రెస్సు ఆయనకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"అవునండీ," అన్నాడాయన తాపీగా. "కోళ్ళ పెంపకం పుస్తకం, మీ పుస్తకం ఒకే వారం వేశాం. బైండింగులో ఒక పదహారు పేజీలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. కోళ్ళవాళ్ళు మర్నాడే వచ్చి నా పీక పట్టుకున్నారు. జబ్బు కోడికి మందెంతో చూద్దామంటే 'ధైర్యమే ఆయుధం' అని ఉందటండీ! అన్నీ మార్చిచ్చాను. మీ వైపు నుంచి ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనకపోతే, తమరికి నచ్చిందేమో అనుకున్నా."

ఫోన్ పెట్టేశారు. మామూలు మనిషైతే అక్కడ చతికిలబడేవాడు. మా అధ్యక్షులవారు సిమెంటు మనిషి. మళ్ళీ లేచారు.

"నచ్చడం కాదు. అది నా ఉద్దేశం! కోడి అంటే ఎవరు? సామాన్యుడు. గూడు అంటే ఏమిటి? సమాజం. ఈ లోతుని ఎవరు అందుకుంటారా అని ఇన్నేళ్ళుగా నిరీక్షిస్తున్నాను. అందుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

అందరూ ఎత్తారు. లైబ్రేరియన్ గారు రెండు చేతులూ ఎత్తారు. మిడత ఎత్తలేదు.

"చూడమ్మా," అన్నారు అధ్యక్షులవారు వాత్సల్యంతో. "నువ్వు కోడిని పట్టుకున్నావు, అంతరార్థాన్ని వదిలేశావు. మంచి అభిప్రాయం ఒకటి మళ్ళీ రాసివ్వు. కార్డు నీ దగ్గరే ఉంటుంది."

మిడత నా వైపు చూసింది. నేను బల్ల కేసి చూశాను. గ్రంథాలయం లామినేషన్ ఆర్డర్లన్నీ నాకే వస్తాయి.

"రాస్తే రెండో భాగం ఇవాళే ఇస్తారా?" అని లైబ్రేరియన్ గారిని అడిగింది.

"చేతులు చూపించు," అన్నారాయన. తర్వాత, "ఇస్తాను," అన్నారు.

అది అక్కడే నిలబడి రాసిచ్చింది. 'ఈ పుస్తకంలో కోళ్ళ పేజీలు అమోఘం. అధ్యక్షులవారి లోతు నాకు అర్థమయింది. ఆ పేజీలు ఆయన రాసినవి కావు కాబట్టే బాగున్నాయి. మిగిలినవి కూడా కోళ్ళవాళ్ళ చేతే రాయించి ఉంటే ఈ పుస్తకం మిషన్ కింద ఉండేది కాదు.'

పక్కనుంచి నేను అంతా చదివాను. అధ్యక్షులవారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి రెండు వాక్యాలూ పైకి చదివారు. కళ్ళు చెమర్చాయి. మిగతాది చదవలేనంతగా కదిలిపోయి కాగితం లైబ్రేరియన్ గారికిచ్చారు. ఆయన చూసి తల పంకించి కార్యదర్శికిచ్చారు. కార్యదర్శి పెద్ద అక్షరాల్లోకి మార్పించి లామినేషన్ చేయించమని నాకిచ్చారు. నా వృత్తిధర్మం ప్రకారం ఒక్క అక్షరం పోకుండా చేసిచ్చాను.

అది ఇప్పటికీ గ్రంథాలయం గుమ్మంలో వేలాడుతోంది. లోపలికి వెళ్ళే ప్రతివాడూ దానికి దణ్ణం పెట్టినంత పని చేస్తాడు. ఆదర్శ అభిప్రాయంగా గ్రూపులో పెట్టారు. ఆ వారం మిగతా పిల్లలందరూ దాన్నే చూసి రాసేసి, కింద తమ పేర్లు పెట్టుకుని అంటించారు. అధ్యక్షులవారు అందరికీ మెడల్స్ ఇచ్చారు.

ఇంటికి వెళుతుంటే మిడత రెండో భాగం చంకలో పెట్టుకుని పరిగెత్తింది. మర్నాడు వెళ్ళి, "ఏమే, ఆ బావిలో మనిషి బయటికొచ్చాడా?" అని అడిగాను.

"నువ్వే చదువుకో మామయ్యా," అంది తలెత్తకుండా. మిషన్ నిలకడగానే నడుస్తోంది. ఉన్నత శిఖరాలు మళ్ళీ కాలి కింద చేరాయి.

ఇదండీ కథ. నేను ఈ ఆడియో గ్రూపులో పెట్టీ పెట్టగానే మీలో చాలామంది దండం బొమ్మ, పువ్వు బొమ్మ పెట్టేసి ఉంటారు. మీ అభిమానానికి ధన్యవాదాలు. నిజంగా ఇక్కడిదాకా వచ్చినవాళ్ళెవరైనా ఉంటే, కింద 'కోడి' అని ఒక్క ముక్క రాయండి, మనం మనం చూసుకుందాం. మిగతావాళ్ళు ఏమీ శ్రమపడొద్దు. 'చాలా స్ఫూర్తిదాయకం' అని రాసి, మీకు తెలిసిన వాళ్ళందరికీ పంపించండి. వాళ్ళూ మీలాగే వింటారు.