కోర్టు వ్యవహారాల డైరెక్టర్ జనరల్

సోమవారం పొద్దున్న ప్రాసిక్యూషన్ ఆఫీసు మెట్ల మీద నిలబడి పెద్దసారు చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"ఇన్నాళ్లూ మన ఆఫీసుని పట్టి పీడిస్తున్నది నేరాలు కావు, నాయకత్వ లోపం. నేటితో అది తీరిపోతుంది."

ప్రభుత్వం తరఫున కేసులు వాదించే ఆ ఆఫీసులో లాయర్లు ఎనిమిది మంది. కొత్తగా పుట్టిన సీనియర్ నాయకత్వ పదవులు ఏడు. వ్యూహాలకో డైరెక్టర్, విలువలకో డైరెక్టర్, సమన్వయానికో డైరెక్టర్, ఆ సమన్వయాన్ని పర్యవేక్షించడానికి మరో డైరెక్టర్, ఇలా. ఎనిమిదో మనిషి ఆ సమయానికి కోర్టులో కేసు వాదిస్తూ ఉండిపోవడంతో చేతికందిన పదవి జారిపోయింది. ఎప్పుడు చూసినా కోటుతోనే కనిపిస్తుంది గనక ఆవిడను అందరూ నల్లకోటక్క అంటారు.

సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి అక్క బల్ల వరండాలో ఉంది. లోపల నాయకత్వానికి చోటు చాల్లేదట. ఆ బల్ల మీద ఏడుగురి కేసుల కట్టలూ భద్రంగా పేర్చి ఉన్నాయి.

అక్క తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లింది. "గురువారం వాచ్‌మన్ కేసుంది సార్. ఇక వాయిదా ఇచ్చేది లేదని జడ్జిగారు తేల్చి చెప్పారు. ఒక్కరినైనా నాకు తోడివ్వండి."

"ఒక్కరేంటమ్మా, ఏడుగురూ నీ వెనకే ఉన్నారు."

"వెనక కాదు సార్, పక్కన కావాలి."

పెద్దసారు ముచ్చటపడిపోయారు. "ఎంత మంచి మాట. విలువల డైరెక్టర్‌తో చెప్పి గోడ మీద రాయిద్దాం."

మాట తప్పే మనిషి కాదాయన. మర్నాటికల్లా రాయించారు.

ఆ వాచ్‌మన్ గేటు తీయడం కాస్త ఆలస్యం చేశాడని, మునిసిపల్ ఛైర్మన్‌గారి బావమరిది తన కారును అతని కాలి మీదుగా పోనిచ్చాడు. అప్పట్నుంచీ అతను చంకకర్రల మీద కోర్టుకు తిరుగుతున్నాడే గానీ రాజీకి ఒప్పుకోలేదు. కళ్లారా చూసింది ఎదురింట్లో బట్టలు కుట్టే పెద్దావిడ ఒక్కతే. ఎంతమంది వచ్చి బెదిరించినా ఆవిడ మాట మార్చలేదు.

బుధవారం వ్యూహాల డైరెక్టర్ తెర మీద బొమ్మలు వేసి గంటసేపు వివరించాడు. మన వ్యూహం గెలవడం అని చివర్లో తేలింది. చప్పట్లు మోగాయి. అక్క మాత్రం వరండాలో పెద్దావిడతో కూర్చుంది.

"అవతలి లాయరు అడ్డదిడ్డంగా అడుగుతాడటగా?"

"అడగనీ పిన్నీ. చూసింది చూశానను, చూడనిది చూడలేదను."

"అంతేనా? ఈ మాత్రానికా ఇన్నాళ్లూ నిద్ర లేకుండా గడిపాను?"

గురువారం పెద్దావిడ బోనెక్కింది. అక్క లేచి గొంతు సవరించుకునేలోగా ఎదుటి లాయరు ఓ కాగితం పట్టుకుని లేచాడు.

"యువర్ ఆనర్, ముందుగా మేడమ్‌గారికి నా అభినందనలు. నిన్న సాయంత్రం వీరిని కోర్టు వ్యవహారాల డైరెక్టర్ జనరల్‌గా నియమించారు. సీనియర్ నాయకత్వంలో ఉన్నవారు స్వయంగా కేసులు వాదించకూడదని ఈ ఉత్తర్వులోనే ఉంది."

అక్క ఆ కాగితాన్ని చూడటం అదే మొదటిసారి. "నాకీ పదవి వద్దు యువర్ ఆనర్" అంది.

"వద్దనే హక్కు మేడమ్‌గారికి పూర్తిగా ఉంది" అన్నాడు లాయరు. "ఆ దరఖాస్తుని కోర్టు వ్యవహారాల డైరెక్టర్ జనరల్ పరిశీలిస్తారు."

"అంటే నేనేగా?"

"పదవి స్వీకరించాక మీరే మేడమ్."

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మరి ప్రభుత్వం తరఫున ఇంకెవరైనా ఉన్నారా?"

ఉన్నారు. అక్కను అభినందించడానికి పూలగుత్తి పట్టుకుని ఏడుగురూ ముందు వరసలోనే కూర్చున్నారు. జడ్జిగారు ఒక్కొక్కరి వంకా చూశారు. ఒక్కొక్కరే లేచి, వినయంగా తమ హోదా చెప్పి, కూర్చున్నారు.

వాదించే దిక్కు లేక కేసు కొట్టేశారు.

"మరి నేను చూసింది ఎవరికి చెప్పాలి?" అని అడిగింది బోనులోంచి పెద్దావిడ.

"దిగండమ్మా" అన్నాడు బంట్రోతు.

అక్క ఆవిడను చెయ్యి పట్టుకుని దింపి, బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. కోటు విప్పి పక్కన పెట్టుకుని, "నాకు చెప్పు పిన్నీ" అంది. పెద్దావిడ మొదట్నుంచీ చెప్పింది. కారు రంగు చెప్పింది, ఎముక విరిగిన చప్పుడు చెప్పింది. వాచ్‌మన్ చంకకర్రలు గోడకు ఆనించి తనూ విన్నాడు. అక్క మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది.

అంతలో ఛైర్మన్‌గారి బావమరిది అటుగా వచ్చి, ఎంతో మర్యాదగా చేతులు జోడించాడు.

"కంగ్రాచులేషన్స్ మేడమ్. మా బావగారు నెల రోజుల్నుంచీ అంటూనే ఉన్నారు, ఇంత కష్టపడే మనిషిని ఇంకా కోర్టుల చుట్టూ తిప్పడం ఏం బాగుంటుందని."