గట్టు పూడ్చబడవలెను

ఒక పెద్ద అడవిలో ఒక వాగు, ఆ వాగుకి ఒక మట్టిగట్టు, ఆ గట్టుకి ఒక కంత ఉండేవి. కంతకి సరిగ్గా దిగువన పోలమ్మ అనే ముళ్లపంది బొరియ. అందులో పుట్టి పక్షం కూడా కాని పిల్లలు రెండు. వానలు ఇంకో నెలలో ఉన్నాయనగా పోలమ్మ అడవి పంచాయతీ ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్లింది.

అక్కడ కార్యదర్శి నక్క. దాని తిప్పలు దానివి. గట్టు పని ఎలుగుబంటి చేయాలని రాస్తే ఎలుగుబంటికి నడుంనొప్పి వస్తుంది. దున్నపోతు చేయాలని రాస్తే అది అధ్యక్షుడు ఏనుగుగారికి మేనల్లుడి వరస. తానే చేస్తానని రాయాలన్న ఆలోచన నక్కకి రాలేదు. అలాంటి ఆలోచనలు వచ్చేవాళ్లు కార్యదర్శులు కారు.

అప్పటికే జర్మనీ నుంచి ఒక కొంగ వచ్చి ఉంది. చలికాలం గడిపి పోదామని వచ్చి, ఇక్కడి చేపల రుచి మరిగి ఉండిపోయింది. కాలక్షేపానికి సాయంత్రాలు జర్మన్ భాష నేర్పేది. నక్క కూడా చేరింది.

"మా భాషలో ఒక సౌకర్యం ఉంది," అంది కొంగ, ముక్కుతో ఇసుకలో రాస్తూ. "పని దేనికి జరగాలో ముందు చెబుతాం. పక్కనే 'ముస్' అంటాం, అంటే తప్పదని. చివర 'వేర్డెన్' అంటాం, అంటే చేయబడటం అని. మంచు ఊడ్చబడాలి. పాలు కాచబడాలి. ఎవరు అన్నది చెప్పనక్కర్లేదు."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "చెప్పకపోయినా తప్పు కాదా మాస్టారూ?"

"కాదు. తప్పనిసరి కాకపోతే 'ముస్' తీసేసి 'కాన్' పెట్టు. అప్పుడు చేయబడవచ్చు అవుతుంది."

మిగతా పాఠం నక్క వినలేదు.

మర్నాడే పోలమ్మ అర్జీ మీద ఉత్తర్వు పడింది: గట్టు పూడ్చబడవచ్చును.

వారం చూసి పోలమ్మ మళ్లీ వెళ్లింది. "పిడికెడంత కంత తలకాయంత అయింది బాబూ." నక్క అయ్యో అనుకుని 'వచ్చును' కొట్టేసి 'వలెను' అని దిద్దింది.

ఇంకో వారానికి పోలమ్మ మళ్లీ వచ్చింది. "బొరియలోకి నీళ్లు ఊరుతున్నాయి బాబూ. పిల్లలు తడిలో పడుకుంటున్నారు." నక్క ఈసారి 'పూడ్చబడి తీరవలెను' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది.

"బాగానే ఉంది గానీ, ఎవరు పూడుస్తారు బాబూ?"

"ఆ ఒక్కటీ అడక్కు పోలమ్మా. ఎవరినీ నొప్పించకుండా ఎంత గట్టిగా రాశానో చూడు. ఇంతకంటే గట్టిమాట జర్మన్‌లోనే లేదు."

పోలమ్మ తిన్నగా కొంగ దగ్గరికి పోయి, నీ చదువు నా పిల్లల ప్రాణం మీదికి తెచ్చిందని ఏడ్చింది. కొంగ నొచ్చుకుంది.

"మా ఊళ్లో మంచు ఊడ్చబడాలని బోర్డు పెడితే, చూసిన ప్రతివాడూ తనకే రాశారనుకుని చీపురు తీస్తాడమ్మా. ఇక్కడ ప్రతివాడూ పక్కవాడికి రాశారనుకుంటున్నాడు. నేను వాక్యం తెచ్చాను గానీ చీపురు తేవడం మర్చిపోయాను."

ఇక పోలమ్మ ఏడవలేదు. మూడు రోజులు మట్టి తవ్వింది, మోసింది, తొక్కింది. కొంగ సిగ్గుపడి పుల్లలు అందించింది. నాలుగో రోజు వాన దంచికొట్టింది. గట్టు నిలిచింది. పిల్లలు పొడి నేల మీద పడుకున్నాయి.

నక్క పరుగున 'గట్టు పూడ్చబడినది' అని రాసుకుని, శాలువా ఖాయమనుకుంటూ పంచాయతీ సభకి వెళ్లింది.

"ఎవరు పూడ్చారు?" అంది ఏనుగు.

నేనే అనబోయి నక్క చుట్టూ చూసింది. ఎలుగుబంటి గొంతు సవరించుకుంటోంది. దున్నపోతు అప్పటికే సగం లేచింది. "పేర్లు రాసే పద్ధతి మానేశాం కదండీ," అని నక్క సర్దుకుంది.

"అంటే చేసేవాళ్లు లేకుండానే పని అయిపోయిందన్నమాట."

"అయిపోయిందండీ."

"మరి చేయించేవాడు మాత్రం ఎందుకు, దండగ." ఏనుగు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించింది, నక్క చేతే: కార్యదర్శి తొలగించబడవలెను.

నక్క రాసి, చదువుకుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలింది. "చిత్తం. ఎవరు తొలగించాలో మాత్రం ఇందులో లేదండీ."

ఎలుగుబంటి దున్నపోతు వంక చూసింది. దున్నపోతు ఎలుగుబంటి వంక చూసింది.

వెనక వరుసలోంచి పోలమ్మ లేచింది. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు.

"గట్టు ఉత్తర్వులోనూ లేదు బాబూ," అని ముళ్లన్నీ నిక్కించి, కుర్చీ వైపు వీపు తిప్పి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

నీతి: ఉత్తర్వులో ఎవరు చేయాలో తప్పకుండా రాయండి, రాయకపోతే ఎవరైనా నిజంగా అమలు చేసే ప్రమాదం ఉంది.