గోలను బట్టి గొంతు

"ప్రజలు ఎంత గట్టిగా అడిగితే ప్రభుత్వం అంత గట్టిగా జవాబు చెబుతుంది. టెక్నాలజీ రెడీ!" అని నీటి సరఫరా మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. వెనక నిలబడ్డ పీఏ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. పాపం, అతనిది టెంపరరీ ఉద్యోగం. పెళ్లినాటికీ టెంపరరీయే, పిల్లలు బడికెళ్లేనాటికీ టెంపరరీయే. ఈ స్కీము హిట్టయితే పర్మనెంట్ చేస్తానని మంత్రిగారు మాటిచ్చారు.

ఇంత గొప్ప ఆలోచన ఆయనకు కారులో తట్టింది. తన మీద రాయించుకున్న పాట ఫోన్లో వింటూ వెళుతుంటే, జనం కారుకు అడ్డంపడి "నీళ్లు! నీళ్లు!" అని గోల పెట్టారు. పాట దానంతటదే పెరిగింది. గోల వెనకబడగానే తగ్గింది.

"ఎవడయ్యా పెంచింది?"

"ఎవరూ కాదు సార్. చుట్టూ ఉన్న చప్పుడును బట్టి ఫోనే సర్దుకుంటుంది."

"దీనికున్న జ్ఞానం నా శాఖలో ఒక్కడికీ లేదు! నా మైకుకీ ఇదే పెట్టించు."

నీళ్లిచ్చి గోల ఆపడం ఏ మామూలు మంత్రయినా చేస్తాడు. దూరదృష్టి ఉన్నవారికే ఇలాంటివి తడతాయి.

మొదటి సభ పీఏ ఉండే పేటలోనే జరిగింది. జనం అరిచారు, మంత్రిగారి గొంతు లేచింది. వాళ్లింకా అరిచారు, అది ఇంకా లేచింది. ఎదురు మేడ కిటికీ అద్దం పగిలింది. చివరికి జనం గొంతులు ఎండిపోయాయి. తడుపుకుందామంటే పేటలో చుక్క నీళ్లు లేవు. అందరూ ఇళ్లకు పోయారు. సమస్య తీరిపోయిందని మంత్రిగారు సెలవిచ్చారు.

"ఈసారి కూడా అక్కడే సభ, పార్టీ పెద్దాయన వస్తున్నారు. గట్టెక్కించావా, నీ ఆర్డరు మీద సంతకం పెట్టేస్తా" అన్నారు పీఏతో.

ఇంట్లో భార్య ఒక్క చెంబు నీళ్లతో గిన్నెలన్నీ కడగడానికి తంటాలు పడుతోంది.

"ఏమండీ, మేం అరిస్తేనే కదా ఆయన గొంతు లేచేది?"

"అదే మరి దాని గొప్ప!"

ఆవిడ చేతులు తుడుచుకుని పక్కింటికెళ్లింది.

సభనాడు మైదానం నిండిపోయింది. ముందు వరుసలో పీఏ భార్య ఖాళీ బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మంత్రిగారు మొదలుపెట్టారు. ఎవరూ నోరెత్తలేదు, కనీసం దగ్గలేదు. మంత్రిగారి పెదాలు ఆడుతున్నాయే గానీ మాట బయటికి రావడంలేదు. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. పీఏ పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆ సర్దుబాటు ఆపెయ్యవయ్యా!" అన్నాడు మైకు అతనితో.

"ఎలా ఆపనండీ? ప్రతిపక్షం వాళ్లు ఆపేస్తారని మంత్రిగారే స్విచ్ పీకించేశారు."

పీఏ వేదిక మీది కార్యకర్తల వైపు పరిగెత్తాడు. వాళ్లు జిందాబాద్ కొట్టారు. మైకు మేలుకుంది. కానీ జిందాబాద్ వినబడితే మాటాపి, నవ్వుతూ చెయ్యూపడం మంత్రిగారికి ఏనాటినుంచో అలవాటు. వాళ్లు ఆపగానే ఆయన అందుకున్నారు, మైకు పడుకుంది. మళ్లీ జిందాబాద్, మళ్లీ నవ్వు.

అప్పుడు పీఏ బుర్ర వెలిగింది. పొగిడితే ఆగుతారు గానీ, ఎవరైనా ఏదైనా అడిగారా, వాళ్ల మాట పూర్తి కాకముందే అడ్డుతగలడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పీఏ వేదిక దిగి భార్య పక్కన నిలబడ్డాడు.

"నీళ్లేవి సార్?" అన్నాడు మొహమాటంగా. అని, ఆవిడ ఒళ్లో బకెట్‌ను చూశాడు. ఏళ్లుగా మింగిన కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది. "నీళ్లేవి సార్! మా కుళాయి తుప్పు పట్టిపోయింది సార్! పిల్లలకు స్నానాల్లేవు సార్!"

"ఈ పేటలో నీటి కొరతన్నదే లేదు!" అని మైకు దద్దరిల్లింది. పెద్దాయన ఆనందంగా చప్పట్లు కొట్టాడు.

మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. మర్నాడే ఆర్డరు వచ్చింది. ఉద్యోగం పర్మనెంట్. డ్యూటీ: మంత్రిగారి ప్రతి సభలోనూ ముందు నిలబడి, నీళ్లేవని అడగడం. రిటైరయ్యేదాకా.

పీఏ పొంగిపోతూ ఆ కాగితం భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"మీకింకా ఎన్నేళ్ల సర్వీసుందండీ?" అని అడిగింది.