మూతలక్క కుర్చీ

కంపెనీ పెద్దలారా, దొంగలు మీరే. మూతల సెక్షన్ మొత్తానికి ఉన్న ఒక్క కుర్చీని ఎరగా వేలాడదీసి, నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయిన ఆడవాళ్లని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పింది మీరే. సరే, తిట్లు ఎక్కడికీ పోవు. ముందు మీ ఘనకార్యం చెప్పుకోవాలి.

బూటు పాలిష్ డబ్బాలు చేసే ఆ కంపెనీలో మనుషులు ఎక్కువయ్యారని యాజమాన్యం కనిపెట్టింది. ఎవరు ఎక్కువో మాత్రం కనిపెట్టలేకపోయింది. ఊరికే పొమ్మంటే ఏడుపులు, గోల. యజమానిది వెన్నలాంటి మనసు, ఏడుపు చూడలేడు. అందుకని ఆట పెట్టాడు. లారీలు తిరిగే జాగాలో సున్నంతో గళ్లు గీయించి, మనుషులతో చదరంగం! తెల్లపక్షం యజమానిది, నల్లపక్షం ఆయన బావమరిదిది. ఇద్దరూ మేడ మీద వరండాలో పక్కపక్కన కూర్చుని మైకులో ఎత్తులు చెబుతారు. చచ్చిన బంటు అటునుంచి అటే గేటు బయటికి పోవాలి, ఉద్యోగంతో సహా. చావు అనే మాట బాగుండదని దానికి 'సాగనంపడం' అని పేరు పెట్టారు. మర్యాదకి ఏ లోటూ లేదు.

పెద్ద పావులన్నీ ఆఫీసువాళ్లు. వాళ్లకి వెనక వరస, గుడారం నీడ. రాజులుగా ఆ ఇద్దరే నిలబడాల్సింది గానీ ఎండ పడదు కనుక, రెండు చివర్లా రెండు కుర్చీలు వేసి వాటికి వాళ్ల కోట్లు తగిలించారు. కోట్లు చక్కగా కూర్చున్నాయి. బంట్లు ఎండలో నిలబడ్డాయి.

తెల్లపక్షంలో మంత్రి వేషం కట్టిన మేనేజరు ఉపన్యాసం ఇచ్చాడు. "బంటే మన బలం! బంటు వెనకడుగు వేయదు, ఎందుకని అడగదు! అవతలి చివరి గడి చేరిన బంటు మంత్రి అవుతుంది! అంటే మూతల సెక్షన్‌కి సూపర్‌వైజరు! కుర్చీతో సహా!"

తెల్ల బంట్ల వరసలో ఉన్న మూతలక్క చెవిలో ఆ చివరి మాట ఒక్కటే పడింది. డబ్బాలకి మూతలు బిగించే మిషను దగ్గర ఆమె నిలబడటం మొదలుపెట్టి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఇంటికెళ్లి గోడ పట్టుకుని కిందికి దిగుతుంటే, "ఏమే, కూర్చోవడం మర్చిపోయావా?" అంటాడు మొగుడు. కుర్చీ మాట వింటే ఆమె మోకాళ్లే ముందు తలెత్తుతాయి.

నల్లపక్షంలో ఆమె వదిన ఉంది. సొంత అన్న భార్య, పక్క మిషను. బంట్లు కదిలి దగ్గరికొచ్చాయి.

"ఏం మరదలా, కుర్చీ వస్తే నన్ను గుర్తుపడతావా?"

"ముందు నువ్వు నా దారికి అడ్డం రాకు వదినా."

"వస్తే ఏం చేస్తావు? మీ అన్నకి చెప్తావా?"

"వద్దులే, ఆయన నీకే భయపడి చస్తాడు."

ఇంతలో మూతలక్క ముందు గడిలోకి నల్లపక్షం శకటు వచ్చి నిలబడింది. శకటు అంటే హాజరు గుమాస్తా. నిమిషం ఆలస్యమైతే సగం పూట జీతం కోసేది ఈ మహానుభావుడే. ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గర. అయినా ఏమీ చేయకూడదు. ఎదురుగా నిలబడి దారి మూసినవాణ్ణి బంటు ముట్టుకోరాదు. ఏటవాలుగా నిలబడ్డ మనిషినే చంపాలి. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ ఫ్యాక్టరీ బాగా తెలిసినవాడై ఉండాలి.

ఏటవాలుగా ఉన్నది వదిన.

"మూతలామే, ఆ నల్లబంటుని సాగనంపు," అంది మైకు.

"ఆమె మా వదినండీ!"

"ఆటలో చుట్టరికాలు ఉండవమ్మా," అన్నాడు యజమాని, బావమరిది భుజం మీద చెయ్యి వేసి.

మూతలక్క కదల్లేదు. వదినే అంది: "వచ్చెయ్యవే. లేకపోతే ఇద్దరినీ పంపేస్తారు. కుర్చీ మాత్రం వదిలావంటే ఊరుకోను." అని టిఫిన్ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. మూతలక్క ఏటవాలుగా అడుగు వేసింది. ఆట చూడ్డానికి ప్రహరీ గోడ ఎక్కి కూర్చున్న జనం చప్పట్లు కొట్టారు. మంచి ఎత్తు మరి!

ఆ తర్వాత దారి ఖాళీ. మూతలక్క చివరి గడి చేరింది. పక్కనే నల్లరాజు కోటు, కుర్చీలో హాయిగా. మళ్లీ చప్పట్లు. యజమాని టీ చప్పరించి ఆలోచించాడు. చివరి గడి చేరిన బంటు ఏమవ్వాలో బంటు తేల్చదు, ఆడేవాడు తేలుస్తాడు.

"మంత్రి ఎందుకు? ఉన్న మంత్రికే పనిలేదు. గుర్రాన్ని చేయండి."

మేనేజరు ఆ నిర్ణయాన్ని కొనియాడాడు. "గుర్రం రెండు గళ్లు వెళ్లి పక్కకి తిరుగుతుంది! కాబట్టి ఈమె ఇకనుంచి మూతలతోపాటు లేబుళ్లు, అట్టపెట్టెల పని కూడా చూస్తుంది! హోదా పెరిగినందుకు అభినందనలు!"

"మరి కుర్చీ అండీ?"

"గుర్రాలు నిలబడే నిద్రపోతాయమ్మా!" అన్నాడు మేనేజరు.

మేడ నవ్వింది. గుడారం నవ్వింది. గోడ కూడా నవ్వింది. ఆట సమానమని ప్రకటించి, బావాబావమరుదులు భోజనానికి లేచారు. ఇద్దరిలో ఎవరూ ఓడలేదు. గేటు బయట నిలబడ్డవాళ్లు మాత్రం ఆటలో లెక్కకి రారు.

మూతలక్క హాజరు గుమాస్తాని అడిగింది. "గుర్రం వెనక్కి పోవచ్చాండీ?"

"పోవచ్చు. ఎవరి మీదినుంచైనా దూకొచ్చు."

"నోరారా చెప్పారు, చాలు."

నల్లరాజు కోటుని సున్నంలోకి విసిరేసి, కుర్చీ నెత్తిన పెట్టుకుని, గళ్లన్నీ తొక్కుకుంటూ వెనక్కి నడిచింది. "చెల్లదు! చెల్లదు!" అని మేనేజరు వెంటపడ్డాడు. ఆమె గేటు దాటి వదిన ముందు కుర్చీ వేసింది.

"కూర్చో."

"నువ్వో?"

"వంతులేసుకుందాం. ముందు నువ్వు కూర్చో, నా మాట విను."

ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. యాజమాన్యం కుర్చీ దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేసింది. కనుక చేయాల్సింది ఇప్పుడే చేయాలి. గేటు తెరవండి. సాగనంపిన ప్రతి మనిషినీ లోపలికి పిలవండి. మూతల సెక్షన్‌లో మనిషికో కుర్చీ వేయండి. ఇది కంపెనీకి.

ఇక గోడ మీద చప్పట్లు కొట్టినవాళ్లకీ, ఇది చదివి నవ్వుకున్నవాళ్లకీ: మీరెలాగూ కూర్చునే ఉన్నారు. లేవండి. మీ కింద ఉన్న ఆ కుర్చీ పట్టుకుని గేటు దగ్గరికి రండి.