భయపడే పరిచర్య

సవాయీ దీవిలోని వైతోలో గ్రామంలో ఉద్దేశం లేకుండా బతికేవారు ఇక ఒక్కరూ మిగలలేదని పెద్ద మతాయి, అంటే ఊరి పెద్దలకు పెద్ద, ఆసోవాగారు ఆదివారం ఆరాధన తర్వాత సంతోషంతో ప్రకటించారు. అంతకు ముందు వారం దాకా ఊరంతా అలాగే బతికేది. చేమదుంపలు నాటడం, చేపలు పట్టడం, పిల్లల్ని కనిపెంచడం వంటి కార్యక్రమాలన్నీ ఏ ఉద్దేశమూ లేకుండానే జరిగిపోయేవి. ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

ఈ మేలుకొలుపునకు కారకుడు రాజధాని అపియా నుంచి వచ్చిన ప్రసంగీకుడు. ఆయన కూటాలు పెట్టి, "ప్రతి విశ్వాసికీ దేవుడు ఒక పని అప్పగించాడు. దానికి బాధ్యుడివి నువ్వే, పక్కవాడు కాదు" అని బల్ల గుద్ది చెప్పి, కాల్చిన పంది తిని, పడవెక్కి వెళ్లిపోయాడు. ఊరు ఆ మాటను గుండెల్లో దాచుకుంది. దాచుకుని బాగా ఆలోచించింది. ఎవరి పని వారికి దేవుడే ఇచ్చాడంటే, తనది కాని పనిలో చెయ్యి పెట్టడం దొంగతనం కాదా? కాదనే ధైర్యం ఎవరికుంది?

కాబట్టి ఆ ఆదివారం ఒక్కొక్కరే లేచి, దేవుడు తమకు బయలుపరచిన ఉద్దేశాన్ని సభకు తెలియజేశారు. ఆసోవాగారికి దర్శన వరం దొరికింది. దర్శనానికి కళ్లు మూసుకోవాలి గనక, మధ్యాహ్న భోజనం తర్వాత ఆయన్ని ఎవరూ లేపకూడదని తీర్మానమైంది. స్త్రీల సంఘం అధ్యక్షురాలు ఎసేతాకు గమనించే వరం దొరికింది. ఎవరింట్లో ఏం వండారు, ఎవరి గోడ బీటలిచ్చింది అన్నది ఆమె పుట్టినప్పటినుంచీ గమనిస్తూనే ఉంది, ఇప్పుడు దానికి దేవుని ముద్ర పడిందంతే. లోసా అనే ఇల్లాలి భర్త ఇసాకాకు ప్రభువు కొరకు కనిపెట్టుకొని, అంటే ఎదురుచూస్తూ, ఉండే పరిచర్య దొరికింది. ఆయన ఆ సాయంత్రమే చాప పరుచుకుని ఆరంభించాడు.

లోసా వంతు వచ్చింది. పాపం, ఆమెకు ఉద్దేశమంటే ఏమిటో తెలియదు. ఆమెకు తెలిసిందల్లా కూతురు పెలె. పెలె దగ్గితే క్షయేమోనని, దగ్గకపోతే ఊపిరాడటం లేదేమోనని భయపడే మనిషి. కొబ్బరిచెట్టు కింద కూర్చోనివ్వదు, కాయ పడుతుందని. చెట్టుకు దూరంగా కూర్చోనివ్వదు, ఎండదెబ్బ తగులుతుందని. అందరూ తనవైపే చూస్తుంటే ఆమె నోటికి తోచింది చెప్పేసింది.

"అయ్యగారూ, వాగు మీద కాలివంతెన నడిమి పలక పుచ్చిపోయింది. మా పెలె బడికీ పాటల సాధనకీ దాని మీదే పోవాలి. నాకు భయమేస్తోందండీ."

పాస్టరు నఫతాలిగారి కళ్లు చెమర్చాయి.

"ప్రియులారా, విన్నారా?" అన్నారాయన గద్గదంగా. "ఇన్నేళ్లూ ఈ సహోదరిని పిరికిదని ఎగతాళి చేశాం. అది పిరికితనం కాదు, వరం. ఒకరి భారాలు ఒకరు మోయాలని వాక్యం ఉంది. మన అందరి భారమూ మోయడానికి ప్రభువు ఈమెను ఏర్పరచుకున్నాడు. ఇకనుంచి ఈ ఊరి భయమంతా లోసాది. మిగతావాళ్లం నిశ్చింతగా ఉందాం."

సభ లేచి స్తోత్రాలు పాడింది. పలక సంగతి ఏమైందని లోసా అడగబోయింది గానీ పాటకు చాలా చరణాలున్నాయి.

మర్నాడు ఆమె పొయ్యి రాజేయకముందే ఎసేతా వచ్చి గడపలో కూర్చుంది.

"లోసా, మా నల్లపంది కనపడటం లేదే. నాకు భయపడే తీరిక లేదు, కాస్త నువ్వు భయపడి పెట్టు."

"ఎందాకా భయపడమంటావు వదినా?"

"దొరికేదాకా. దొరికితే కబురు పంపిస్తాలే. మధ్యలో మానేయకు, పంది మంచి జాతిది."

ఆమె వెనకే ఇంకొకావిడ మొగుడి దగ్గు తెచ్చింది. ఒక ముసలాయన తుఫాను కాలమంతా తెచ్చి ముందుగానే అప్పజెప్పాడు. సాయంత్రానికి ఊళ్లో జనం ముఖాలు కడిగిన పళ్లేల్లా మెరిసిపోయాయి. లోసాకు మాత్రం అన్నం సయించడం మానేసింది. ఇంతమంది భయాల మధ్య సొంత భయానికి చోటే దొరకడం లేదు. వంతెన పలక గురించి భయపడదామని కూర్చుంటే ఎసేతా పంది అడ్డొచ్చేది.

అయినా ఒకరోజు తెగించి ఆసోవాగారి దగ్గరికి వెళ్లింది. నిజానికి వంతెన కోసం ఊరు ఎప్పుడో కొత్త పలకలు కోయించింది. మంచి గట్టి పలకలు. కానీ ప్రసంగీకుడు వస్తున్నాడని వాటితో ఊరి మొగలో స్వాగతద్వారం కట్టారు. దాని మీద ఎర్ర రంగుతో 'బాధ్యత ఎరిగిన గ్రామం' అని రాయించారు. ప్రసంగీకుడు పడవలో వచ్చి రేవులోనే దిగి గుడిలోకి నడిచాడు గనక ఆ ద్వారం చూడనేలేదు. అయినా అందంగా ఉంది గదా అని ఉంచేశారు.

"పెద్దయ్యా, ద్వారం పలకలు వంతెనకు వేయిస్తే..."

"ఆగమ్మా," అన్నారు ఆసోవాగారు కళ్లు తెరవకుండానే. "వంతెన బాగవుతుందని నాకు దర్శనంలో కనపడింది. ఎవరు చేస్తారన్నది కనపడలేదు. ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు."

"ఈలోగా మా పిల్ల..."

"నువ్వు భయపడుతున్నావు గదా. ఇంకేం కావాలి? అందరికంటే నీ పరిచర్యే చక్కగా సాగుతోందని అయ్యగారు మొన్నకూడా మెచ్చుకున్నారు."

అక్టోబరులో పిల్లల ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని వాక్యాలు అప్పజెబుతారు, పెద్దలు వారికి వడ్డించి చివర తింటారు. దానికోసం పెలె రోజూ వాగు దాటి సాధనకు వెళ్తోంది. కొండమీద వాన పడి వాగు ఎర్రగా పొంగిన సాయంత్రం సాధన కాస్త ఆలస్యమైంది. పిల్ల ఇంకా వంతెన చేరకముందే సంధ్య ప్రార్థనకు శంఖం ఊదారు.

శంఖం ఊదాక వైతోలోలో ఆకు కూడా కదలకూడదు. ఎక్కడివాళ్లు అక్కడే ఇళ్లలో కూర్చుని ప్రార్థించాలి. దారి పొడుగునా నడుముకు లావాలావా గుడ్డలు చుట్టుకున్న యువకులు కర్రలతో కాపలా ఉంటారు. వారికి దొరికిన పరిచర్యే అది: ఎవర్నీ కదలనివ్వకపోవడం.

ఇల్లు చేరాలన్న తొందరలో పెలె ఆగకుండా వంతెన ఎక్కింది. ఆ నిశ్శబ్దంలో ఊరంతా పలక విరిగిన చప్పుడు విన్నది. తర్వాత పెలె "అమ్మా" అన్న కేక కూడా విన్నది. ఎసేతా కిటికీలోంచి గమనించింది. పాస్టరుగారు ప్రార్థనలో వాగుల్లో ఉన్నవారందరి కోసమూ ఒక వాక్యం చేర్చారు. ఇసాకా కనిపెట్టుకొని ఉన్నాడు.

లోసా ఊరి భయాలన్నీ చాపమీద పారేసి పరుగెత్తింది.

దారిలో కాపలా కుర్రాడు కర్ర అడ్డం పెట్టాడు. "అత్తా, రెండో శంఖం ఊదేదాకా ఆగాలి."

"మా పెలె వాగులో ఉందిరా."

"నేనూ విన్నాలే అత్తా. కానీ లాగడం నా పరిచర్య కాదు."

"నీ పరిచర్య నీ దగ్గరుంచుకో, ఆ గుడ్డ ఇలా తే" అని వాడి నడుమునున్న లావాలావా ఊడలాక్కుని ఆమె సాగిపోయింది. వాడు నిక్కరుతో, కర్రతో, స్థిరంగా కాపలా కాస్తూ నిలబడ్డాడు. వంతెన దూలాన్ని కరుచుకుని వేలాడుతున్న పిల్లకు లోసా గుడ్డ కొస విసిరి, బోర్లా పడుకుని, పళ్ల బిగువున పైకి లాగింది. పిల్ల ఒడిలో పడ్డాక వెతికి చూసుకుంటే ఒంట్లో ఎక్కడా భయం లేదు. ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు.

రెండో శంఖం ఊదారు. జనం పరుగున వచ్చి ప్రభువు చేసిన అద్భుతాన్ని కొనియాడారు.

మరుసటి రోజు మతాయిల సభ కూర్చుంది. ప్రార్థనవేళ కదిలినందుకు లోసా ఇంటిమీద ఒక పందీ, పెట్టెడు డబ్బాచేపలూ జుర్మానా పడ్డాయి. అది పాత ఆచారం, ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. అసలు నేరం వేరే ఉంది.

"అమ్మా," అన్నారు పాస్టరుగారు ఎంతో మెత్తగా, "నువ్వు ఆ పిల్లను లాగుతున్నంతసేపూ ఈ ఊరి కోసం ఎవరు భయపడ్డారు?"



"ఎవరూ భయపడలేదు" అన్నారు ఆసోవాగారు. "ఊరు అంతసేపూ దిక్కులేకుండా ఉంది. అదృష్టం కొద్దీ ఏమీ జరగలేదు."

లోసా లేచి సభకు దణ్ణం పెట్టి, ఇంట్లోంచి సుత్తి తీసుకుని తిన్నగా ఊరి మొగకు వెళ్లింది. స్వాగతద్వారం పలకలు ఒక్కొక్కటే పీకి, వాగు దాకా ఈడ్చుకెళ్లి, వంతెనకు కొట్టింది. పెలె మేకులు అందించింది. ఊరంతా గట్టుమీద నిలబడి చూసింది. ఎవరి పరిచర్యకూ ఎవరూ అడ్డు రాలేదు.

పిల్లల ఆదివారం నాడు సాక్ష్యాలు గొప్పగా జరిగాయి. వంతెన బాగవుతుందని ముందే చూశానని, ఆ ముఖం తిప్పుకున్న మనిషి లోసాయేనని ఇప్పుడు పోల్చుకున్నానని ఆసోవాగారు చెప్పారు. తన కనిపెట్టుట వ్యర్థం కాలేదని ఇసాకా చెప్పి కంటతడి పెట్టాడు. లోసాకు బాగుచేసే వరం కూడా అదనంగా ప్రసాదించబడిందని పాస్టరుగారు ప్రకటించగా, సభ చప్పట్లు కొట్టి, భోజనాలకు వంతెన మీదుగా నడిచి వెళ్లింది. ఎర్ర అక్షరాలు పైకే ఉండటంతో అందరి కాళ్లూ 'బాధ్యత' మీద పడ్డాయి. గట్టిగా ఉందని మెచ్చుకున్నారు.

వానలు వెలిశాక ఒక పొద్దున ఎసేతా మళ్లీ గడపలోకి వచ్చింది.

"లోసా, వంతెన మీద ఒక మేకు లేచిందే. పిల్లలు తట్టుకుని పడతారేమో. చెబుదామని వచ్చా."

"నువ్వు చూశావుగా వదినా."

"నేనేమిటి, దాటినవాళ్లంతా చూశారు."

లోసా లోపలికెళ్లి సుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఎసేతా దాన్ని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు మనసారా ప్రార్థించింది. తర్వాత సుత్తిని భద్రంగా గడపమీద పెట్టి వెళ్లిపోయింది.

సుత్తి ఇప్పటికీ ఆ గడపమీదే ఉంది. లోసా ఈసారి దాన్ని ముట్టుకోలేదు. పెలెను చెయ్యి పట్టుకుని తనే వాగు దాటిస్తోంది, మిగతా పిల్లల సంగతి వాళ్ల పెద్దలకు వదిలేసింది. మేకు ఇంకా లేచే ఉంది. ఆ మేకు గురించి తెలిసినవాళ్లు నిన్నటిదాకా వైతోలోవాళ్లే. ఇప్పుడు మీకూ తెలుసు. అయ్యో పాపం అనుకుని మీరూ ఒక్క నిమిషం ప్రార్థించి ఉంటారు. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక, వైతోలో సంఘంలో మీకూ ఒక చోటు ఖాళీగా ఉంది.