షోకేసులో కూర్చున్న హక్కు

"కూర్చోవడం మానవజాతి జన్మహక్కు" అని సమన్యాయ సాధన సమితి అధ్యక్షురాలు ప్రకటించింది. ఆ సమయానికి ఆవిడ మెత్తటి కుర్చీలో కూర్చునే ఉంది కాబట్టి మాటలో అనుభవం పలికింది.

సభ జరిగింది ఆవిడ భర్తగారి బట్టల షాపులోనే, కింది అంతస్తులో, దుప్పట్ల విభాగం పక్కన. ఉద్యమమన్నది అట్టడుగు నుంచి రావాలని ఆవిడ నమ్మకం. మూడంతస్తుల షాపులో అంతకంటే అడుగు లేదు. సమితి సభ్యులు పదకొండు మందికి పదకొండు కుర్చీలు వేశారు. వాటిని మోసుకొచ్చి వేసి, ఆ జన్మహక్కు సంగతి నిలబడి విన్నవాళ్ళు ఇరవై ఇద్దరు. వాళ్ళంతా ఆ షాపులో బట్టలు చూపించే ఆడవాళ్ళు.

అందరికంటే వెనక, స్తంభానికి ఆనుకోకుండానే ఆనుకున్నంత సుఖం తెచ్చుకుంటూ నిలబడ్డావిడని పరదాలక్క అంటారు. పదకొండేళ్ళుగా మూడో అంతస్తులో కిటికీ పరదాలు అమ్ముతోంది. చేరిన రోజున సూపర్వైజరు ఆమెని ఒకసారి ఎగాదిగా చూసి, "కింద లైట్లెక్కువ. అక్కడ మొహాలు కూడా వెలుగ్గా ఉండాలి. నువ్వు పైన బావుంటావు" అన్నాడు. రంగు గురించి ఒక్క ముక్క అనలేదు. అంత మర్యాదస్తుడు.

పైన బాగానే ఉంది, కాళ్ళే బాగాలేవు. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఇంట్లో అత్తగారు ఒకరోజు నూనె రాస్తూ, "కాళ్ళా ఇవి? నదుల పటంలా ఉన్నాయి" అంది.

"పోన్లే అత్తయ్యా, పిల్లల చదువుకి పనికొస్తాయి."

"నవ్వు. ఈ నవ్వేదో ఆ డాక్టరు దగ్గర నవ్వాల్సింది."

డాక్టరు దగ్గర నవ్వొచ్చే మాటలేం లేవు. గంటకి పది నిమిషాలైనా కూర్చోవాలి, లేకపోతే మూడు నెలల్లో ఆపరేషనే అన్నాడు. ఆపరేషనుకి వెళ్ళినవాళ్ళని ఆ షాపు మళ్ళీ తీసుకున్న దాఖలా లేదు. మొగుడు బస్సు డ్రైవరు. పొద్దస్తమానం కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని అతని గోల. ఆ ఇంట్లో ఒకరిది కూర్చోలేని బాధ, ఒకరిది నిలబడలేని బాధ. మధ్యలో నూనె సీసా ఒక్కటే రెండువైపులా తిరుగుతోంది.

డాక్టరు చీటీ తీసుకెళ్ళి సూపర్వైజరుకిచ్చింది. అతను రెండుసార్లు చదివాడు.

"కూర్చోవాలనే ఉంది. షాపులో కూర్చోవాలని లేదే?"

"షాపులోనే కదండీ నిలబడుతున్నాను."

"అది నిజమే. కానీ చీటీలో లేదు."

దాంతో పరదాలక్క తెల్లకాగితం తీసుకుని దస్తూరీ కుదిర్చి మహజరు రాసింది. 'ఆరు స్టూళ్ళు ఇప్పించవలెను. కొనేవాళ్ళు లేని సమయంలో వంతులవారీగా పది నిమిషాలు కూర్చుందుము.' అంతే. సంతకాలకి మూడంతస్తులూ తిరిగింది. ట్రయల్ రూముల్లో కెమెరాలుండవు కాబట్టి ఒక్కొక్కరూ అందులోకి దూరి, కాగితాన్ని అద్దానికి ఆనించి సంతకం పెట్టారు. దుప్పట్ల దగ్గరుండే పిల్ల, షాపులో అందరికంటే తెల్లటిది, ఒక మూల గోరంత రాసింది.

"అంత చిన్నగానా చెల్లీ?"

"కనబడకుండా పెట్టానక్కా."

"సంతకం పెట్టేదే కనబడ్డానికి."

పిల్ల పక్కన ఇంకోటి పెద్దగా పెట్టింది. అలా ఇరవై రెండు మందికి ఇరవై మూడు సంతకాలు వచ్చాయి.

మహజరు అందుకున్న అధ్యక్షురాలి కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళకి అసలైన ఉద్యమం మన గడపలోకి వచ్చింది" అంది. వెంటనే దాన్ని బంగారు రంగు ఫ్రేము కట్టించి బిల్లు కౌంటరు పక్కన వేలాడదీయించింది. వచ్చేపోయేవాళ్ళు చదివి మెచ్చుకున్నారు. పదిహేను రోజులు చూసి పరదాలక్క సూపర్వైజరుని అడిగింది.

"స్టూళ్ళండీ?"

"అమ్మగారు మంజూరు చేస్తూ సంతకం పెట్టాలి."

"పెట్టొచ్చు కదండీ."

"పెట్టాలంటే కాగితం బయటికి తీయాలి. తీస్తే ఫ్రేము పాడవుతుంది. ఫ్రేము సమితి ఆస్తి."

ఇలా మహజరు గోడమీద వెలుగుతుండగా సమితి రెండో అడుగు వేసింది. రోడ్డు వైపు షోకేసులో ఒక బొమ్మని పెట్టాలి. షాపు యూనిఫాం వేసుకుని, స్టూలు మీద కూర్చుని ఉండాలి. పైన 'కూర్చునే హక్కు అందరిదీ' అని బ్యానరు. షాపు నిండా నిలబడే బొమ్మలే ఉన్నాయి కాబట్టి మోకాళ్ళు వంచిన బొమ్మని ప్రత్యేకం తెప్పించారు. దానికి మెత్త కుట్టిన స్టూలు కూడా వచ్చింది. ఆ స్టూలు దుమ్ము దులపడానికి పరదాలక్క రోజూ మూడంతస్తులు దిగేది.

శ్రమకి న్యాయంతో పాటు రంగుకి కూడా న్యాయం చేయాలని సమితి తీర్మానం. అందుకని బొమ్మ నల్లగా ఉండాలి. పెయింటరు పరదాలక్క మణికట్టు చూసి రంగు కలిపాడు. ఆమె అరగంట చెయ్యి చాపుకుని నిలబడింది. అచ్చం అదే రంగు కుదిరింది.

అధ్యక్షురాలు బొమ్మనీ చేతినీ మార్చి మార్చి చూసింది. "భలే కుదిరింది. కాస్త తగ్గించండి."

"ఎంతండీ?"

"చూసేవాళ్ళ మనసుకి హాయిగా ఉండేంత."

పెయింటరు ఒక గరిటె తెలుపు పోశాడు. ఇంకాస్త అంది. ఇంకో గరిటె. నాలుగో గరిటెకి ఎవరికీ ఇబ్బంది లేని నలుపు తయారైంది. చూడబోతే అది దుప్పట్ల పిల్ల రంగు.

ఇలాంటి సమితులకి ఏటా షీల్డు ఇచ్చే సమాఖ్యవాళ్ళు బొమ్మని చూడటానికొస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం సమితి కార్యదర్శి బొమ్మని పరీక్షగా చూసి, "ఇది నల్లబొమ్మ అని పక్కన చీటీ అంటించాలేమో" అన్నాడు. పెయింటరుకి ఒళ్ళు మండింది. తెలుపు కలపకముందు తీసిపెట్టిన మొదటి డబ్బా తెచ్చి ఎవరినీ అడక్కుండా మొత్తం వేసేశాడు. రంగు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ముసురు పట్టింది, తడి ఆరలేదు. మర్నాడు మూడు గంటలకి యూనిఫాం తొడగబోతే చొక్కా బొమ్మకి అంటుకుంది, బొమ్మ సూపర్వైజరుకి అంటుకుంది.

నాలుగింటికి సమాఖ్యవాళ్ళు వస్తారు. షోకేసు ఖాళీ. సూపర్వైజరు నల్లటి చేతులతో మూడంతస్తులూ పరిగెత్తి ఎక్కాడు.

"పరదాలక్కా, నువ్వొచ్చి కూర్చోవాలి."

ఆమెకి సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. "ఏమిటండీ?"

"షోకేసులో. స్టూలు మీద. యూనిఫాం ఉంది, రంగూ అదే. వాళ్ళు వెళ్ళేదాకా కదలకూడదు. నేను చెప్పేదాకా అస్సలు కదలకూడదు."

"నిజంగా కూర్చోమంటున్నారా?"

"ఆర్డరు అనుకో."

పదకొండేళ్ళలో మొదటిసారి పరదాలక్క షాపులో కూర్చుంది. కూర్చోగానే పిక్కల్లోంచి సన్నగా జివ్వుమన్న హాయి నడుందాకా పాకింది. కళ్ళు మూతలు పడబోయాయి, ఆపుకుంది. యూనిఫాం చొక్కా కింద చీర పిక్కల పైకి జరిగినా సర్దుకోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా ఉన్న బస్టాపు వంక చూస్తూ ఉండిపోయింది.

సమాఖ్యవాళ్ళు ముగ్గురొచ్చారు. అందులో పెద్దావిడ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "ఎంత సహజంగా ఉంది! ఆ మొహంలో అలసట చూశారా?"

అధ్యక్షురాలు కూడా చూసింది. పదకొండేళ్ళుగా మెట్ల దగ్గర తనకి నమస్కారం పెడుతున్న మొహాన్ని జానెడు దూరం నుంచి చూసి, "మా పెయింటరు పనితనమండీ. కిందికి చూడండి, పిక్కల మీద నరాలు కూడా వేశాడు" అంది.

ముగ్గురూ వంగి నరాలు చూశారు. ఒకాయన ఫొటో తీసుకున్నాడు. డాక్టరూ అత్తగారూ తప్ప ఎవరూ పట్టించుకోని ఆ నరాలకి అలా గుర్తింపు వచ్చింది.

"మరి మీ వాళ్ళంతా నిలబడే ఉన్నారేం?" అని పెద్దావిడ లోపలికి చూస్తూ అడిగింది.

"వాళ్ళకి కూర్చోవడం ఇష్టం ఉండదండీ. ఎంత చెప్పినా వినరు."

షీల్డు ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. సమాఖ్యవాళ్ళు బయటికెళ్ళి, బ్యానరు పడేలా ఫొటో కోసం పేవ్‌మెంటు మీద సర్దుకుంటున్నారు. సూపర్వైజరు షోకేసు వెనక తలుపు సందులోంచి గుసగుసలాడాడు.

"అయిపోయింది, లే."

బొమ్మ లేవలేదు.

"నిన్నే, ఇక రా."

బొమ్మ పెదాలు కదలకుండా మాట్లాడింది. "కదలకూడదన్నారు."

"ఇప్పుడు కదలమంటున్నాను."

"బొమ్మలకి అన్ని మాటలు అర్థం కావండీ. ఆరు స్టూళ్ళు అంటే అర్థమవుతుంది."

అదే సమయానికి ఎదురుగా ఒక బస్సొచ్చి ఆగింది. పట్టేసిన నడుం నొక్కుకుంటూ డ్రైవరు యథాలాపంగా షోకేసు వంక చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తర్వాత హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. బస్సులోని జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఫొటో దిగుతున్నవాళ్ళు కూడా ఏమిటా అని షోకేసు వైపు తిరిగారు.

సూపర్వైజరు అధ్యక్షురాలి చెవిలో విషయం ఊదాడు.

"ఎవరది?" అంది ఆవిడ, బయటివాళ్ళ కోసం నవ్వు చెదరకుండా.

"పరదాలక్కండీ. మూడో అంతస్తు."

"మన మనిషేనా?"

"పదకొండేళ్ళుగానండీ."

ఆవిడ తలుపు సందు దగ్గరికెళ్ళి తియ్యగా, "అమ్మా, రేపు సమితిలో చర్చిద్దాం" అంది.

బొమ్మ కనుగుడ్లు మెల్లగా, చాలా మెల్లగా, సమాఖ్య పెద్దావిడ వైపు తిరిగాయి. నోరు తెరవబోయే దానిలా గొంతు సవరించుకుంది.

"ఆ ఫ్రేము తీసుకురా" అంది అధ్యక్షురాలు.

ఫ్రేము వచ్చింది. కాగితం తీసే టైము లేదు. ధరల చీటీలు రాసే మార్కరుతో అద్దం మీదే 'మంజూరు' అని రాసి, కింద సంతకం చేసింది. గోడౌన్లో ఒకదానిమీద ఒకటి నిలబెట్టి ఉంచిన స్టూళ్ళు ఆరు బయటికొచ్చాయి. అవి లెక్కపెట్టుకున్నాకే బొమ్మ లేచి, ఒంటి కాలిమీద తిమ్మిరి దులుపుకుని, మూడో అంతస్తుకి నడిచి వెళ్ళింది.

మర్నాడు పది గంటలకి సూపర్వైజరు తడిగుడ్డ పట్టుకుని ఫ్రేము దగ్గరికొచ్చాడు. అద్దం మురికిగా ఉందని అమ్మగారు చెప్పారు. రెండు తుడుపులకి సంతకం పోయింది, మూడో తుడుపుకి మంజూరు పోయింది. మహజరు ఎప్పటిలా తళతళలాడింది. ఇక స్టూళ్ళు గోడౌన్లోకి పంపిద్దామని తృప్తిగా వెనక్కి తిరిగాడు.

ఆరు స్టూళ్ళ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. కింది అంతస్తులో, లైట్లెక్కువ ఉన్న చోట. చేతులు ఒళ్ళో, చూపు ఎదురుగా. నడుమ పరదాలక్క, ఆమె పక్కన దుప్పట్ల పిల్ల. ఒక్కరూ రెప్ప వేయడం లేదు. "లేవండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. కూర్చున్న మనుషుల్ని ఏం చేయాలో రూల్సు పుస్తకంలో ఉంది. కూర్చున్న బొమ్మల్ని ఏం చేయాలో అందులో లేదు.

అప్పుడే ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. చేతికర్ర ఆనించి ఆరుగురినీ వరసగా చూసి, "పేపర్లో ఒకటే అని వేశారు, ఆరు పెట్టారే. ప్రాణం ఉన్నట్టే ఉన్నాయి" అని మెచ్చుకున్నాడు.

సూపర్వైజరు అవునండీ అన్నాడు. ఇంకేమంటాడు!

గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి. పరదాలక్క లేచి, కొలబద్ద చేతిలోకి తీసుకుని, "ఏం చూపించమంటారండీ?" అంది.

పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఈలోగా ఇంకో బొమ్మ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది.