నలభై రెండు కార్డులు, ఒక తప్పు

సోమవారం ఉదయానికి హెడ్‌క్లర్కమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి భర్త ముద్రించి ఇచ్చే గుర్తింపు కార్డుల పెట్టె అందుకోవాలి. తొమ్మిదిన్నరకు ఆఫీసులో పంచాలి. పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చేసరికి నలభై మూడు మంది మెడల్లోనూ కార్డులు వేలాడుతుండాలి. ఇందులో తప్పు దూరడానికి చోటే లేదనుకుంది. చోటు లేకపోతే తప్పు నిలబడైనా ప్రయాణం చేస్తుందని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆ పని భర్తకు ఇప్పించింది ఆమే. ఆయనది వీధి మొదట్లో చిన్న ఫోటో స్టూడియో. కింద వ్యాపారం, పైన కాపురం. "మా ఆయన చేస్తే వంక పెట్టడానికి ఉండదండీ" అని తను పనిచేసే నీటి సరఫరా ఆఫీసులో ఆఫీసరు ముందు మాట ఇచ్చింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆమె ఒకరి కోసం మాట ఇవ్వడం అదే మొదలు. ఆ ఆఫీసరు నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీకి ఎవరిని సిఫారసు చేస్తారని పైవాళ్లు పంపిన కాగితం ఆయన సొరుగులో ఉంది. పేరు రాయాల్సిన గీత ఇంకా ఖాళీగానే ఉంది. తనిఖీ సజావుగా గడిస్తే ఆ గీత మీదికి తన పేరు ఎక్కుతుందని ఆమె ఆశ. ఆశ అని పైకి అనలేదు గానీ, వారం రోజులుగా ఆ సొరుగు వైపు చూడకుండా ఉండటానికి చాలా శ్రమపడుతోంది.

టీ గ్లాసుతో కిందికి దిగేసరికి భర్త కంప్యూటరు ముందు కూర్చుని, పుట్టిన బిడ్డను చూసినట్టు తెరను చూసి నవ్వుకుంటున్నాడు.

"ఏమండీ, కార్డులు అయ్యాయా?"

"అయిపోయినట్టే. ముందు నువ్విది చూడు. చెప్పేసింది!"

"ఎవరు?"

"ఇదే. మూడు నెలలుగా నేను ఆకాశంలో ఎక్కడ చూస్తున్నానో చెప్పేసింది."

ఆయన కెమెరాకు రెండు ఉద్యోగాలు. పగలు కింద మనుషుల ముఖాలు తీస్తుంది. రాత్రి డాబా మీద టెలిస్కోపుకు తగులుకుని నక్షత్రాలను తీస్తుంది. మూడు నెలలుగా ఆయన ఒక గెలాక్సీ కోసం వెతుకుతున్నాడు. వచ్చిన ఫోటోల్లో మాత్రం ఖాళీ నలుపే. అందుకని ప్లేట్ సాల్వింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. దానికి ఒక ఫోటో ఇస్తే అందులో చుక్కలు ఎలా పేర్చి ఉన్నాయో చూసి, వేలిముద్రలు పోల్చినట్టు తన దగ్గరున్న జాబితాలతో పోల్చి, ఇది ఆకాశంలో ఫలానా చోటు అని చెబుతుంది. ఆ జాబితాలు దిగడానికే శనివారం రాత్రంతా పట్టింది. ఆకాశ పరిశీలకుల సంఘంలో పెద్దవాళ్లకు అర్థం కావడం లేదని, అది ఇంగ్లీషులో చెప్పే మాటలన్నింటినీ ఈయనే కూర్చుని తెలుగులో రాశాడు. చదివితే ఇంట్లో మనిషి పక్కన నిలబడి చెప్పినట్టుండాలని ఆయన పట్టుదల.

"టెలిస్కోపు మీద అంకె ఉండుంటే నిన్ననే అయిపోయేది. దాని నాభ్యంతరం ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉండే అంకె. అది ఇస్తేగానీ ఈ సాఫ్ట్‌వేర్ లెక్క కట్టలేదు. నువ్వే తడిగుడ్డతో తుడిచేశావు."

"అది అంకె అని నాకెలా తెలుసు? మరక అనుకున్నా."

"నాలుగొందల నుంచి ఒక్కో అంకే ఇచ్చుకుంటూ పోయా. వెయ్యి దగ్గర పట్టేసింది."

"ఇంతకీ మీ గెలాక్సీ దొరికిందా?"

"అది నేను చూస్తున్నచోట లేదట. నాలుగు డిగ్రీలు పక్కకుందట."

"ఈ ముక్క చెప్పడానికి ఇంత యంత్రం కావాలా? మీరు చూసేచోట ఏమీ లేదని మూడు నెలలుగా నేనూ మొత్తుకుంటున్నా."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "పొద్దున్నే ఇంకో సదుపాయం కూడా పెట్టా. ఫోల్డర్లో ఏ ఫోటో ఉన్నా అడక్కుండానే అదే చూసి, వివరం అదే రాసేస్తుంది. మనం వేలు పెట్టక్కర్లేదు."

"సంతోషం. మీరు మాత్రం కార్డుల్లో వేలు పెట్టండి, నాకు టైమవుతోంది."

నిజానికి కార్డుల్లో కష్టమైన పని ఆదివారం సాయంత్రమే అయిపోయింది. ఆమె పక్కన కూర్చుని జాబితా చదువుతుంటే, ఆయన ప్రతి ఫోటోకూ ఉన్న వివరం గడిలో ఆ మనిషి హోదా కొట్టాడు. కార్డు మీద పేరు కింద ఆ గడిలో ఉన్నదే అచ్చవుతుంది. నమూనాకు ఆమె కార్డు ఒకటి అప్పుడే తీసి చూసుకున్నారు. ‘హెడ్‌క్లర్కు’ అని ముత్యంలా వచ్చింది. ఇప్పుడు మిగిలిన నలభై రెండూ ముద్రణ యంత్రం నుంచి ఒక్కొక్కటీ బోర్లా పడుతుంటే, ఆయన గెలాక్సీ గురించి చెబుతూ రిబ్బన్లు తగిలించాడు. ఆమె గడియారం చూస్తూ పెట్టెలో సర్దింది. ఒకరు ఆకాశంలో, ఒకరు ఆఫీసులో. కార్డుల దగ్గర ఎవరూ లేరు.

మెడలో వేసుకునే కార్డుతో ఒక చిక్కుంది. ఎవరిది వాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది. చక్కగా చదవగలిగేది ఎదుటివాడిదే. అటెండరు కార్డులు పంచి పావుగంట కాకముందే అకౌంటెంటు మంచినీళ్ల కుండ దగ్గర టైపిస్టుకు ఎదురుపడ్డాడు. ఈ అకౌంటెంటు రోజంతా ఎక్కడైనా ఉంటాడు, తన సీట్లో తప్ప. ఫోటోకు కూడా కుదురుగా నిలబడలేదు.

"ఏంటి సార్, మీ కార్డులో ఇలా ఉంది?" అని టైపిస్టు పైకి చదివింది. "‘ఊగిసలాట ఎక్కువగా ఉంది. కదలకుండా ఒకచోట నిలబెట్టి మళ్లీ ప్రయత్నించండి.’"

"ఏదీ?" ఆయన కార్డు తిప్పి చూసుకున్నాడు. ముఖం మాడింది. "అంటే నేను సీట్లో ఉండనని మెడలో బోర్డు కట్టారన్నమాట! నీదాంట్లో ఏం తక్కువ రాశారు? ‘చుక్కలు రెండు వందల పదహారు దొరికాయి. ఇవి ఏ ఆకాశానికీ చెందినవి కావు.’"

టైపిస్టు ఫోటో రోజున చుక్కల బట్టలు వేసుకొచ్చింది. ఆ సంగతి ఆమెకు తోచలేదు. కోప్పడాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక చేతిలోని నీళ్లు తాగేసింది.

అటుగా వచ్చిన స్టోర్‌కీపరు కార్డు ఇద్దరూ కలిసి చదివారు. ఆయన ఫోటోకు ఫ్లాష్ వెలగలేదు. "‘అంతా చీకటి. మూత తీయడం మరిచారేమో చూసుకోండి.’"

"నా బీరువాలో సీసా ఉందని మీకెవరు చెప్పారు?" అని స్టోర్‌కీపరు గట్టిగా అరిచాడు. అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

పది నిమిషాల్లో ఆఫీసంతా ఒకరి గుండెల మీదికి ఒకరు వంగి చదువుతున్నారు. ఒక్క ఆఫీసరు గదిలోకి వెళ్లే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఇది పైవాళ్ల రహస్య నివేదిక అని కొందరన్నారు. తనిఖీ అధికారి మనుషుల్ని పెట్టి కనిపెట్టించాడని కొందరన్నారు. చివరికి అందరి చూపులూ ఒక మెడ మీద నిలిచాయి.

"మాకందరికీ గుణగణాలు, మీకు మాత్రం హోదానా అక్కయ్యగారూ?" అన్నాడు అకౌంటెంటు.

హెడ్‌క్లర్కమ్మ వాళ్ల కార్డులు చదివింది. మళ్లీ చదివింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగుతున్నానని ఎవరికి చెప్పేది? కార్డులు చేసింది తన మొగుడు, తెచ్చింది తను, తప్పులేనిది తనదొక్కటే. ఫైళ్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఫోన్ చేసింది.

"ఏమండీ, కార్డుల్లో ఏం కొట్టారు?"

"నువ్వు చదివిందే కొట్టా."

"‘మూత తీయడం మరిచారేమో’ అని నేను చదివానా?"

"ఆ వాక్యం బాగా కుదిరింది కదూ! దానికి ఒక పూట పట్టింది నాకు."

"ఏమండీ!"

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు. "అయ్యయ్యో... ఆగాగు. కెమెరా ఒకటే కదా, ఫోటోలు పడేదీ ఒకే ఫోల్డర్లో. నేను కొట్టిన హోదాలు చెరిపేసి దాని మాటలు రాసేసింది. మీ వాళ్లందర్నీ ఆకాశం అనుకుందోయ్!"

"మా వాళ్లలో ఆకాశం ఎక్కడ కనిపించింది దానికి?"

"కనిపించలేదనే కదా రాసింది, పాపం. అబద్ధమాడదు అది."

"ఆఫీసరుగారికి ఏం రాసింది?"

ఆయన ఆ ఫోటో తెరిచి చూశాడు. "నువ్వే చూసుకో. ఆయన తల మీద ఫ్లాష్ సూటిగా పడింది. నేను అన్నీ మళ్లీ కొట్టి గంటలో తెస్తా. ముందు జాబితా చదువు."

ఆమె సంచిలోంచి జాబితా తీసి గబగబా చదివింది. నలభై రెండో పేరు పూర్తవుతుండగా బయట కారు ఆగింది. తనిఖీ అధికారి ముప్పావుగంట ముందే దిగాడు.

ఆమె ఆఫీసరు గదికి పరుగెత్తింది. ఆయన ట్యూబులైటు కింద కూర్చుని ఉన్నాడు. నున్నటి తల మిలమిల మెరుస్తోంది. దాని కింద, మెడలో, ‘ఒకే ఒక ప్రకాశవంతమైన వస్తువు కనిపించింది. చంద్రుడు కావచ్చు. అస్తమించాక ప్రయత్నించండి.’

"ఏంటమ్మా అలా చూస్తున్నావు?" అని ఆయన కళ్లద్దాలు లేకుండానే కార్డు ఎత్తి చూసుకున్నాడు. "నా హోదా ఇంత పొడుగుందేమిటి?"

"మీది పెద్ద హోదా కదండీ" అంది ఆమె. ఇరవై రెండేళ్లలో అది మొదటి అబద్ధం. "తనిఖీవారు వచ్చేశారు."

తనిఖీ అధికారి బక్కపలచటి మనిషి. చేతిలో ఎర్రపెన్సిలు. కూర్చోమంటే కూర్చోలేదు, టీ అంటే తర్వాతన్నాడు. "ముందు కార్డులు. అందరూ వరసగా నిలబడండి."

నిలబడ్డారు. అందరి కుడిచేతులూ గుండెల మీద ఉన్నాయి.

"చేతులు దించండి. ఇది ప్రమాణస్వీకారం కాదు."

దించారు. ఆయన ఒక్కో కార్డు ముందూ ఆగి, వంగి, పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ నడిచాడు. వెనక నడుస్తున్న ఆఫీసరు ఇప్పుడే కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అకౌంటెంటు దగ్గర ఆగిపోయాడు. స్టోర్‌కీపరు దగ్గర కనుబొమలు పైకి లేచాయి. తర్వాత ఏదో అనుమానం వచ్చినట్టు తన కార్డు మెడలోంచి తీసి, కళ్ల ముందు పెట్టుకుని చదివాడు. వరస చివర నిలబడ్డ హెడ్‌క్లర్కమ్మకు సొరుగులోని ఖాళీ గీత కళ్ల ముందు కనిపించింది. ఆ గీత ఇక ఖాళీగానే ఉండిపోతుందని నిశ్చయించుకుంది.

తనిఖీ అధికారి ఆమె ముందుకు వచ్చి ఆగాడు. వంగాడు. పెన్సిలు కదల్లేదు.

"ఇదేమిటి?"

"అయ్యా, మన్నించాలి, అసలు జరిగిందేమిటంటే..."

"మిగతా నలభై రెండు కార్డుల్లోనూ పేరు కింద రెండేసి వరుసలున్నాయి. మీదాంట్లో ఒక్కటే మాట ఉంది. ఎందుకని?"

"మరి... వాటిలో రాసింది..."

"ఏం రాసుకున్నారన్నది మీ ఆఫీసు సంగతమ్మా. నేను చూసేది పద్ధతి. అన్నీ ఒక పద్ధతిలో ఉన్నాయి, ఇదొక్కటే తప్పు." ఎర్రపెన్సిలుతో రాశాడు. "మూడు రోజుల్లో సరిచేయించి నివేదిక పంపండి." టీ తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆఫీసరు ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేయించాడు. కార్డు బల్ల మీద పెట్టాడు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. కెమెరా సంగతి, ఫోల్డర్ సంగతి, గెలాక్సీ నాలుగు డిగ్రీలు పక్కనున్న సంగతి కూడా. "తప్పు మాదేనండీ. మీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను."

"ఆ అకౌంటెంటుకు ఈ ముక్క చెప్పాలని పదేళ్లుగా చూస్తున్నానమ్మా" అన్నాడు ఆఫీసరు. "నాకు నోరు రాలేదు. మీ ఆయన యంత్రం మొదటి చూపులోనే చెప్పేసింది." ఆ పైన ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. బయటున్న అటెండరు పొలమారిందనుకుని నీళ్లు పట్టుకుని పరుగున వచ్చాడు. ఆఫీసరు నవ్వుతున్నాడు. ఆ గదిలో ఆ చప్పుడు ఎవరూ వినలేదు ఇదివరకు.

నవ్వు ఆగాక సొరుగు లాగి కాగితం తీశాడు. "నిన్ను నువ్వు కాపాడుకోవడానికి ఒక్క మాట దాచలేదు. ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకు కావలసింది అదే" అని గీత మీద ఆమె పేరు రాసి సంతకం చేశాడు.

అప్పుడే స్టూడియో ఆయన చొక్కా తడిసిపోయి, కొత్త కార్డుల పెట్టెతో రొప్పుతూ వచ్చాడు. "అన్నీ సరిచేశానండీ! నలభై రెండూ!"

"తిరిగి తీసుకెళ్లండి" అన్నాడు ఆఫీసరు. "తనిఖీలో సరైనవని తేలిన కార్డులు మార్చే అధికారం నాకు లేదు. తప్పున్నది మీ ఆవిడదొక్కటే. అది సరిచేయండి."

స్టోర్‌కీపరు ఒక్కడే గొణిగాడు. టైపిస్టు మాత్రం తన కార్డు అద్దం ముందు సర్దుకుంటోందని అటెండరు చెప్పాడు.

సాయంత్రం స్టూడియోలో భార్యాభర్తలిద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఆయన ఆమె ఫోటోను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాడు. మిగతావాళ్లను క్షణంలో తేల్చేసిన యంత్రం ఆమె దగ్గర నాలుగు నిమిషాలు తిరిగింది. చివరికి తెర మీద రెండు వరుసలు పడ్డాయి. ‘ఎంత వెతికినా అంతుపట్టలేదు. మరికొంత సమయం ఇవ్వండి.’

"ఇది మీరు కావాలని రాసిందే!"

"ఒట్టు, అదే రాసింది. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, నేనే ఇంకా సగంలో ఉన్నాను. నాలుగు నిమిషాల్లో దానివల్ల ఏమవుతుంది?"

ఆమె నవ్వు కనబడకుండా అటు తిరిగి, ముద్రించడం కానివ్వండి, టీ చల్లారిపోతోందని కసిరింది.

మరుసటి నెల ఒకటో తారీఖున ఆమె ఆ కార్డు మెడలో వేసుకునే ఆఫీసరు కుర్చీలో కూర్చుంది. అందులో హోదా ఎక్కడుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు.